హెరాల్డ్ కింద నిమ్మకాయలు

మంగళవారం. ఉదయం 6:40.

నగరి బస్టాండు వెనక షెడ్డులో, పాత కారు కింద రెండు కాళ్లు కనిపించాయి. ఒక కాలికే చెప్పు ఉంది.

మెకానిక్ వెంకటముని. వయసు యాభై ఎనిమిది. జాకీ పక్కకు ఒరిగింది. కారు ముందు భాగం అతని ఛాతీ మీద పడింది.

7:15కి ఎస్సై కృపామణి వచ్చింది. పెళ్లయి పంతొమ్మిది రోజులు. అరచేతుల గోరింటాకు ఇంకా పోలేదు.

"యాక్సిడెంటే మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కుప్పయ్య. "జాకీ జారింది. అజాగ్రత్త."

"కాదు."

గుమ్మంలో వెంకటముని కూతురు లోకేశ్వరి. ఆమె ఏడవడం లేదు.

"నాయన చెక్క దిమ్మెలు పెట్టకుండా బండి కిందికి పోడు. ముప్పై ఏండ్లలో ఒక్కనాడూ పోలే."

దిమ్మెలు గోడ వారన పేర్చి ఉన్నాయి. కృపామణి వేలితో తాకింది. పై దిమ్మె మీద గ్రీజు ఇంకా తడిగానే ఉంది.

"ఈ కారు ఎవరిది?"

"దుడ్లు పెట్టి కొనింది నాయన. కాగితాల్లో పేరు మాత్రం చక్రధర్ అన్నది. చిత్తూరులో పాత బండ్ల బేరగాడు."

లోకేశ్వరి చెప్పింది. ఆన్‌లైన్ వేలంలో 'పాత హెరాల్డ్ కారు, తుక్కు' అని పెట్టారు. నాలుగు మసక ఫొటోలు. ముందు అద్దం చట్రం పైన రెండు కొక్కేలను వెంకటముని కనిపెట్టాడు. మడత టాపును పట్టి ఉంచే కొక్కేలు! అలాంటి హెరాల్డులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకెవరూ పాట పాడలేదు. చక్రధర్ అకౌంట్ నుంచి తుక్కు ధరకే దక్కింది.

"గురువారం బండిని నా పేరుకు మారుస్తానన్నాడు చక్రధర్ అన్న, మేడం. ఇందాక ఫోన్ చేసినాడు. నాయన పోయినాడని చెప్పినా. బండి ఎత్తకపోను సాయంత్రం నాలుక్కి లారీ తెస్తాడంట."

యాక్సిడెంట్ అని రాస్తే, ఆ లారీని ఆపేవాళ్లు లేరు.

శవాన్ని బయటికి తీశాక డాక్టర్ తేల్చాడు. చావు ఉదయం అయిదున్నర ప్రాంతంలో.

12:50. జీపులో కృపామణి టిఫిన్ బాక్స్ మూత తీసింది. చిత్రాన్నం. భర్త గిరి మొదటిసారి చేశాడు. వేరుశనగ గింజలు మాడాయి. ఆమెకు అవీ ముద్దుగానే అనిపించాయి.

నిమ్మకాయ వాసన గుప్పుమంది.

చెయ్యి ఆగింది. పొద్దున షెడ్డులోనూ ఇదే వాసన. గ్రీజు, రక్తం, వాటి మధ్య నిమ్మకాయ.

షెడ్డులోకి పరుగెత్తింది.

కారు వెనక, రెండు గజాల దూరంలో, నలిగి ఎండిన నిమ్మచెక్కలు.

"శుక్రవారం నాయన పూజ చేసి టైర్ల కింద తొక్కించినాడు," అంది లోకేశ్వరి. "మిగిలిన కాయలు ఆ సంచిలో ఉండాయి."

మేకుకు వేలాడే సంచి ఖాళీ.

కృపామణి వంగి టార్చ్ వేసింది. నాలుగు టైర్ల ముందూ, నీడలో, నాలుగు నిమ్మకాయలు. ఒక్కటీ నలగలేదు.

"ఇవి ఎవరు పెట్టారు?"

"తెలీదు మేడం. నేను పెట్టలే."

ముందు ఎడమ టైరు దగ్గరి కాయను గ్లౌజుతో ఎత్తింది. దాని కింద నేల మీద కూడా రక్తమే.

 కృపామణి నాలుగు కాయలూ తీసి కవర్లో వేసింది.

4:00. లారీ వచ్చింది. చక్రధర్ దిగాడు. పక్కన కారు కొనబోయే నవీన్.

"ఉదయం అయిదున్నరకి ఎక్కడున్నారు?"

"చిత్తూరులో. ఇంట్లో పండుకోనుండా," అన్నాడు చక్రధర్. "బండి దిగిన రోజు వచ్చినా. మళ్లా ఇప్పుడే."

"మీరు?"

"తిరుపతి లాడ్జిలో," అన్నాడు నవీన్. "ఈ కారును ఫొటోలోనే చూశాను."

"సరే. తీసుకెళ్లండి."

"మేడం!" లోకేశ్వరి అడ్డం వచ్చింది.

నవీన్ కారు వెనక చేతులు ఆనించాడు. చక్రధర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కిందికి చూశాడు. దిగాడు. ఒక్కో టైరూ చూశాడు. నుదుట చెమట.

"ఏమప్పా, తొయ్యాలా?" అన్నాడు నవీన్.

"ఉండప్పా!" చక్రధర్ అరిచాడు. "మనిషి సచ్చిన బండి ఇది. టైర్ల ముందర పెట్టిన కాయలు... ఎవురు తీసినారు?"



కృపామణి కవర్ ఎత్తి చూపింది.

"మధ్యాహ్నం నేనే తీశాను. పొద్దున ఇక్కడికి రాని మనిషికి ఇవి ఎలా తెలుసు?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. 

"ఈ కాయ రక్తం మీద పెట్టింది. అంటే చావు తర్వాత. కూతురు చూడక ముందు. దిమ్మెలు లాగి జాకీ వదలడానికి నీ చెయ్యి వణకలేదు. ఆ చావు నీ వెంట ఇంటిదాకా వస్తుందని మాత్రం వణికావు. ఆయన పూజ సంచిలోంచే తీసి పెట్టావు."

చక్రధర్ కూలబడ్డాడు.

"కారు అమ్మనన్నాడు," గొణిగాడు. "బిడ్డకే అన్నాడు..."

కుప్పయ్య బేడీలు వేశాడు. 5:10కి లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

"మేడం," అంది లోకేశ్వరి. ఇప్పుడు ఏడుస్తోంది. "మా నాయన జాగ్రత్త మనిషని రాస్తారా?"

"అదే మొదటి వాక్యం."

జీపులో ఫోన్ మోగింది. గిరి మెసేజ్: 'నిమ్మకాయ సరిపోయిందా?'

సగం తిన్న చిత్రాన్నం పక్కన, ఎవిడెన్స్ కవర్లో నాలుగు కాయలు. ఒకదాని అడుగున నల్లబడిన మరక.

'సరిపోయింది' అని టైప్ చేసి, కృపామణి మెల్లగా మూత పెట్టింది.