కిష్టమ్మకు చెప్పిన లెక్క

నాగరాణికి నలభై ఆరేండ్లు. అచ్చంపేటలో చిన్న బట్టలు కుట్టే దుకాణం, స్కూలు బస్సు నడిపే మొగుడు ఎల్లేష్, డిగ్రీ చదివే బిడ్డ దీప్తి. దేనికీ కొదవ లేదు. కానీ ఏడేండ్లప్పుడు పట్టుకున్న పిచ్చి ఒకటి ఆమెను ఇంకా వదల్లేదు. పుట్టి నడపాలి. ఎవరో నడిపితే ఎక్కి కూర్చోవడం కాదు, తెడ్డు తన చేతిలో ఉండాలి.

ఆమె నాయిన మల్లప్ప పుట్టి నడిపినవాడే. వెదురుబుట్టకు తారు పూసిన ఆ గుండ్రటి పడవలో కృష్ణ మీద మనుషులను, మేకలను, ఒకసారి బాసింగంతో సహా పెళ్లికొడుకును కూడా దాటించాడు. కొడుకులకు విద్య నేర్పాడు. బిడ్డ అడిగితే మాత్రం "ఆడపోరికి తెడ్డెందుకే, పో" అని కసిరేవాడు. అసలు పుట్టి ఎక్కనిచ్చేవాడే కాదు. మల్లప్ప పోయి పదేండ్లయింది. ఆ "పో" అన్న మాట మాత్రం ఆమెకు ఇంకా మండుతూనే ఉంది.

ఈసారి దసరా సెలవులకు ఎల్లేష్ ఒక మోటర్‌హోమ్ కిరాయికి తెచ్చాడు. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్జు. దీప్తి దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. సోమశిల దాటి నది ఒడ్డు పట్టుకుని మూడు రోజులు తిరగాలి, నచ్చినకాడ ఆగాలి, తినాలి, పండాలి. ఆ బండికి ఒకటే జబ్బు. సీటు మీద బరువు పడితే చాలు, బెల్టు పెట్టేదాకా కీచుకీచుమని మొత్తుకుంటుంది. మొదటిరోజు వెనక సీటు మీద బియ్యం సంచి పెడితే ఒకటే లొల్లి. చివరికి సంచికి బెల్టు పెట్టారు. "బియ్యానికి కూడా పానం మీద తీపే" అని ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

నాగరాణి నవ్విందే గానీ మనసు ఒక్కచోట నిలవలేదు. నీళ్లు కనబడినకాడల్లా కిటికీకి అతుక్కుపోయేది. రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున చాయ్ సగమే తాగింది. ఎల్లేష్‌కు విసుగొచ్చి "కూసోవే తల్లీ, బండి నీ కాళ్లతోటి నడుస్తలేదు" అన్నాడు.

రెండోరోజు సాయంత్రం, ఒక చిన్న రేవులో, వల బాగుచేసుకుంటూ సైదులు కనిపించాడు. మల్లప్ప జతగాడు. డెబ్బై దాటినా చూపు గట్టిది.

"మల్లప్ప బిడ్డవా! ముక్కు సూస్తెనే ఎరుకైతాంది" అన్నాడు.

"కాకా, జర నీ పుట్టి ఇస్తవా? నేనే నడుపుత."

ముసలాయన నవ్వాడు, కాదనలేదు. ఒడ్డు పక్కనే అరగంట నేర్పాడు. మోకాళ్ల మీద కూర్చోవాలి, తెడ్డును ముందుకేసి తన దిక్కుకు లాగాలి, లేకపోతే పుట్టి ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. "అంచు సూస్తుండాలె బిడ్డా. ఇద్దరు కూసుంటే అంచు నీళ్ల మీద జానెడుంటది. నాలుగు వేళ్లకొచ్చిందంటే ముగ్గురున్నట్టు" అన్నాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. సిగ్నల్ కోసం గుట్ట మీదికి ఎక్కుతూ వెనక్కి తిరిగి అరిచాడు. "గా నీళ్ల నడుమ గుండురాయి దాకా పోయి రాండ్రి. పొద్దు గూకకముందే ఒడ్డెక్కాలె. కిష్టమ్మకు లెక్క చెప్పి కదులు!"

లెక్క సంగతి నాగరాణికి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఎన్నిసార్లు వినలేదు! మల్లప్ప దోసెడు నీళ్లు తీసి నదిలోకే వదులుతూ "తల్లీ కిష్టమ్మా, నలుగురు" అనేవాడు. అవతల దిగేటప్పుడు మళ్లీ అదే మాట. దీప్తి ఎక్కి కూర్చుంది. నాగరాణి దోసిట్లోకి నీళ్లు తీసుకుంది.

"తల్లీ కిష్టమ్మా, ఇద్దరం!"

ఎల్లేష్ ఒడ్డు మీది నుంచి ఫోన్లో వీడియో తీసి, ఉల్లిగడ్డలు కోయాలంటూ బండిలోకి పోయాడు.

అబ్బ, ఏం సంబరం! తెడ్డు వేసిన ప్రతిసారీ నీళ్లు గలగలమంటున్నాయి. పుట్టి రెండుసార్లు తిరిగింది, తర్వాత మాట విన్నది. "సూడు నాయినా, ఆడపోరి తెడ్డు!" అని నాగరాణి ఆకాశం దిక్కు అరిచింది. దీప్తి పగలబడి నవ్వింది. గుండు దాకా పోయి, దాన్ని చేత్తో తాకి, పుట్టిని తిప్పారు.

అప్పటికి పొద్దు గుట్టల వెనక్కి దిగింది. గాలి పడిపోయింది. ఒడ్డున ఇల్లుబండి దీపం ఒక్కటే కనబడుతోంది. నాలుగు తెడ్లు వేసేసరికి నాగరాణి భుజాలు లాగాయి. పోయేటప్పుడు ఇంత బరువు లేదే అనుకుంది. అలవాటు లేని పని, రెక్కలు నొస్తాయి మరి అని సర్దిచెప్పుకుంది. అయినా మనసు ఊకోక అంచు దిక్కు చూసింది.

అంచుకూ నీళ్లకూ మధ్య చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్లు.

పుట్టి కారుతోందేమోనని అడుగు తడిమింది. పొడిగా ఉంది. ఎక్కడి నుంచో వాసన... ఏండ్ల తరబడి నీళ్ల కింద నానిన ఒండ్రు వాసన. తెడ్డు నీళ్లలో పడుతుంది, లేస్తుంది. ఆ రెండింటి నడుమ ఎవరో శ్వాస పీలుస్తున్న చప్పుడు. బిడ్డదే అయి ఉంటుంది.

"అమ్మా" అంది దీప్తి మెల్లగా. "కాలు తీయవా జర? సల్లగ తగుల్తాంది."

నాగరాణి కాళ్లు తన కిందే మడిచి ఉన్నాయి.

"అమ్మా... తీయమంటే..."

"నీ కాళ్లు దగ్గరికి ముడుసుకో" అంది నాగరాణి. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఎనకకు సూడకు. బండి దీపాన్నే సూడు."

"ఎందుకమ్మా?"

"సూడు అంటున్న గద."

తెడ్డు వేసింది. ఇంకొకటి. ఇంకొకటి... శ్వాస ఆగలేదు. అది దీప్తి వైపు నుంచి రావడం లేదు. నాగరాణి తన ముచ్చట కోసం కన్నబిడ్డను తెచ్చి నీళ్ల నడుమ కూర్చోబెట్టినందుకు తనను తానే తిట్టుకుంది.

రేవులో సైదులు బ్యాటరీ లైటు పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పుట్టి దగ్గరికి రాగానే వెలుగు అంచు మీద పడింది.

"ఎంతమందని చెప్పినవ్ బిడ్డా?" గుసగుసగా అడిగాడు.

"ఇద్దరమని."

"అయ్యో... తెడ్డు పట్టినోళ్లను లెక్కవెట్టరే. ఎక్కినోళ్లనే చెప్పాలె. మీ నాయిన చెప్పలేదా?"

"నాకు తెడ్డే ఇయ్యలేదు గద కాకా."

సైదులు లైటు కిందికి దించాడు. "ఇద్దరన్నవు. ఒక్కతే ఎక్కింది. కాలీ జాగల ఇంకొకలు కూసున్నరు."

"ఇప్పుడెట్ల?"

"దిగేటప్పుడు మల్ల లెక్క చెప్పాలె. ఒక్కరంటే కిష్టమ్మ ఒక్కరినే దింపుతది. ఎవలు నీవోళ్లో అది సూడదు."

"ఇద్దరంటే?"

ముసలాయన లైటు ఆర్పేశాడు.

"అమ్మా" దీప్తి ఏడుపు గొంతుతో అంది. "లేవనీకి వస్తలేదు. నా చున్నీ... ఎవరో పట్టుకున్నరు."

నాగరాణి ఇంక ఆలోచించలేదు. ఏ తల్లి ఆలోచిస్తుంది? దోసెడు నీళ్లు ఎత్తి గొంతు చించుకుని అరిచింది.

"తల్లీ కిష్టమ్మా! ఇద్దరు! ఇద్దరు దిగుతున్నరు!"

చున్నీ వదులైంది. దీప్తి ఒక్క దూకు దూకి ఒడ్డున పడింది. పుట్టి అంచు పైకి లేచింది.

కాసేపాగి... అంచు ఇంకోసారి లేచింది.

నాగరాణి దిగగానే సైదులు పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించాడు. "ఎనకకు మల్లకుండ పోండ్రి" అన్నాడు. తాను మాత్రం వాళ్ల దిక్కు చూడకుండానే గుట్ట దారి పట్టాడు.

బండిలో అన్నం ఉడుకుతోంది. "ఇప్పుడే పోవాలె" అంది నాగరాణి. ఎల్లేష్‌కు తిక్కరేగింది. వండింది వండినట్టే వదిలి ఎక్కడికి పోతరే, ముచ్చట నీదే, తొందర నీదే అని గొణిగాడు. పెళ్లాం ముఖం చూసినాక పొయ్యి ఆర్పి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నాగరాణి పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది. దీప్తి వెనక సీట్లో దుప్పటి కప్పుకుంది. బండి మట్టిబాట దాటి తారురోడ్డు ఎక్కింది.

"ఏందో, బండి బరువు గుంజుతాంది" అన్నాడు ఎల్లేష్.

అంతలోనే కీచుకీచు మొదలైంది.

"దీప్తీ, బెల్టు పెట్టుకో బిడ్డా."

"పెట్టుకున్న బాపూ" అంది దీప్తి నిద్రమత్తులో.

"మరి బియ్యం సంచి గిట్ల సీటు మీద పెట్టిన్రా?"

బియ్యం సంచి పొయ్యి పక్కన నేల మీద ఉంది. నాగరాణికి కనబడుతూనే ఉంది. ఆమె అద్దంలోకి చూసింది. దీప్తి కండ్లు మూసుకుని ఉంది. నిద్రలోనే, ఎవరికో జాగా ఇచ్చినట్టు, జర కిటికీ వైపు జరిగింది.

కీచు... కీచు... కీచు...

వెనక టక్కుమని చప్పుడైంది. కీచుకీచు ఆగిపోయింది.

"అగో, దానంతటదే ఆగింది" అన్నాడు ఎల్లేష్.