పెరటి గోడ మీది గ్లాసు

ఆ ఉదయం ఎలీసమ్మ టీ కాస్తుంటే, భర్త మాణిక్యాలరావు ఒక నోటుపుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టి వీధిగదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన రాజోలులో ఒక మిషన్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ప్రార్థన చేసి ఊరుకుంటే చాలదని, కళ్ళెదుట జరిగే అన్యాయం ఒకటి గుర్తించి రాసి అసెంబ్లీలో చదవమని, చేతనైతే సరిదిద్దమని ఆ ఏడు పదో తరగతి పిల్లలకు చెప్పాడు. పిల్లలు ఊరి చివరి దళితపేటలో కుళాయి కోసం అర్జీ పెడితే చర్చిలో అందరూ మెచ్చుకున్నారు.

ఈ పుస్తకం మాత్రం అదే తరగతిలో చదివే వాళ్ళమ్మాయి సువార్తది.

‘మా పెరటి గోడ మీద ఒక గ్లాసు విడిగా ఉంటుంది. అది మా మరుగుదొడ్డి కడిగే దుర్గమ్మది. ఆవిడ మెట్టు కింద నిలబడి టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టుకుంటుంది. ఆదివారం మాత్రం మా చర్చిలోనే, మా వెనక వరసలో కూర్చుంటుంది.’

ఎలీసమ్మ పుస్తకం మూసేసింది. పేటలో పుట్టిన తమకు ఈ వీధిలో ఇల్లు దొరకడానికి పట్టిన అవస్థ ఆమెకే తెలుసు. పేర్లు వినగానే ఏడిళ్ళవాళ్ళు లేదన్నారు. చివరికి కృష్ణవేణిగారు పెరటివైపు వాటా ఇస్తూ, మీరు చదువుకున్నవాళ్ళు కాబట్టి సరే, దుర్గమ్మని మాత్రం గడప తొక్కనివ్వద్దని షరతు పెట్టింది. నుయ్యి ఆవిడదే. ఆవిడ వంటింటి కిటికీలోంచి పెరడంతా కనిపిస్తుంది. ఆరేళ్ళుగా ఎలీసమ్మ ఆ కిటికీకి భయపడుతూనే అంట్లు తోముకుంది, బట్టలు ఆరేసుకుంది.

సోమవారం అసెంబ్లీలో చదవడానికి ఇంకేదైనా రాయమని మాణిక్యాలరావు కూతుర్ని బతిమాలాడు.

“ఇది అబద్ధమాండీ, నాన్నగారూ?” అంది సువార్త.

ఎలీసమ్మ ఊరుకోలేకపోయింది.

“నిజమేనే. ఆ నిజం చదివి వచ్చేక మనం ఎక్కడ తలదాచుకుంటాం?”

“అమ్మమ్మకి దోసిట్లో నీళ్ళు పోసేవారని చెప్పి నువ్వే ఏడ్చేవు కదమ్మా. మరి దుర్గమ్మగారి పిల్లలు ఎవరి గురించి చెప్పుకుని ఏడుస్తారు?”

ఎలీసమ్మ చెయ్యి లేచింది గాని, కూతురి మీద పడలేదు. దొడ్డిగుమ్మం దగ్గర చీపురు చప్పుడైంది. దుర్గమ్మ వచ్చింది.

ఎలీసమ్మ ఆ చెయ్యి దించేసింది. బయటికి వెళ్ళి ఆమెను లోపలికి రమ్మంది. దుర్గమ్మ కృష్ణవేణిగారి కిటికీవైపు చూసి వెనక్కి జరిగింది.

“వద్దండీ అమ్మగారూ. నా మూలంగా మీరు ఇల్లు పోగొట్టుకోకండి.”

ఎలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, గడప దాటించి, వంటింట్లో పీట వేసింది. అవతల కృష్ణవేణిగారి కిటికీ రెక్క ధడాలున మూసుకోవడం ఇంట్లో అందరికీ వినిపించింది.

సాయంత్రానికి కబురు రానే వచ్చింది. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. సోమవారం సువార్త తన పుస్తకంలో ఒక్క ముక్క మార్చకుండా చదివింది. వింటున్న టీచర్లలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మాణిక్యాలరావు వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు.

పేటలో రేకుల ఇంట్లోకి మారిన రోజున దుర్గమ్మ సామాను మోయడానికి వచ్చింది. సర్దడం అయ్యాక ఎలీసమ్మ టీ పెట్టి, పంచదార డబ్బా తీసి, ఎంత వెయ్యమంటావని అడిగింది. దుర్గమ్మ తికమకపడింది.

“ఏమోనండీ. ఎవరూ అడగలేదు. ఎంత వేస్తే అంతే తాగేను.”

ఆరేళ్ళు రోజూ టీ పోసింది తనే. ఎలీసమ్మ చెంచా డబ్బాలో వదిలేసి, దుర్గమ్మ పక్కనే నేలమీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“ఊరుకోండమ్మగారూ,” అంటూ దుర్గమ్మ మొదటిసారి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.