ఆఖరున వచ్చేవాళ్ళు

చెక్ దేశంలో, మా మొరావియా ప్రాంతంలో పాత దొరల భవంతులు చూపించేవాళ్ళకి ఒక పద్ధతుంది. తాళంచెవులతో ముందు నడిచేవాళ్ళు తలుపు తీస్తారు, ఆఖరున వచ్చేవాళ్ళు లాగి వేస్తారు. వేస్తే చాలు, తాళం దానంతటదే పడుతుంది. పదకొండేళ్ళుగా తీసేది నేను, వేసేది యార్మిలా. "నడువే ఓటీ, నేను వెనకే ఉన్నా" అంటుంది ప్రతి గదిలోనూ. నా సొంత అక్కని కూడా అంతగా నమ్మలేదు నేను.

ఆ నవంబరు సాయంత్రం చూడ్డానికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, కిటికీలు మూయడానికి ఇద్దరం బయల్దేరాం. నేల మీద గీతలు పడకుండా బూట్ల మీద ఉన్ని చెప్పులు తొడుక్కున్నాం. అడుగేస్తే సర్... సర్... అంతే చప్పుడు. గదుల నిండా మైనం వాసన, తడి సున్నం వాసన.

"ఇవాళ తాళాలు నాకిచ్చి నువ్వు వెనక రావే. భుజం నొప్పి, ఆ తలుపులు లాగలేను" అంది యార్మిలా.

"ముసలిదానివైపోయావ్, పద!" అని నవ్వి తాళంచెవులిచ్చాను.

దొరసాని పడకగదికి వచ్చాం. మశూచి సోకిన ఆవిణ్ణి "నడు, నేను వెనకే వస్తా" అని నమ్మించి, దొర ఇందులోకి పంపి తలుపేశాడట. ఆవిడ ఇక్కడే పోయిందట. రోజూ మేం చెప్పే కథే. నాకెప్పుడూ భయం వేయలేదు.

నేను వెనక తలుపు వేశాను. యార్మిలా గబగబా అవతలి గదిలోకి దాటింది. నా మొహం మీదే తలుపు పడింది.

"ఏమిటే ఈ వేళాకోళం? తియ్!"

అవతల ఏడుపు. "క్షమించవే... ఏడాదిగా ఆ దొరసాని నా వెనకే నడుస్తోంది. నా బదులు ఇంకొకర్ని ఇస్తే వదిలేస్తానంది..."

"అందుకని నన్నా? ఛీ! పదకొండేళ్ళే, యార్మిలా!"

సర్... సర్... యార్మిలా అడుగులు దూరమయ్యాయి.

నేను కదల్లేదు. అయినా సర్... సర్... ఈసారి గదిలోనే. నా వెనక.

గొంతు చించుకుని యార్మిలానే పిలిచాను, సిగ్గులేకుండా. చల్లటి వేళ్ళు మెడ మీద ఆనాయి... మళ్ళీ నోరు తెరిచాను. శబ్దం రాలేదు.

పొద్దున్నే ఊడ్చే ఆవిడ వచ్చి తలుపు తీసింది.

పదిరోజులైంది, గొంతు రాలేదు. డాక్టరు జలుబంటాడు. యార్మిలా ఉద్యోగం మానేసి బ్ర్నో పట్నానికి వెళ్ళిపోయింది. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. తిట్టడానికి నోరు లేదు, ఏం చెబుతుందో విందామని ఎత్తాను.

"ఓటీ, నీ కాళ్ళు పట్టుకుంటా..." గుసగుసలాడింది. "నా గుమ్మం దగ్గర్నుంచి వెళ్ళిపోవే. పొద్దుట్నుంచీ పిలుస్తూనే ఉన్నావ్..."

నేను మా వంటింట్లో ఉన్నాను.

ఫోన్లో, యార్మిలా వెనక ఎక్కడో, తలుపు మెల్లగా పడింది. తర్వాత నవ్వుతూ నా గొంతు.

"నడువే. నేను వెనకే ఉన్నా."