నూట ముప్పై ఏడో కిడ్నీ

ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉన్న మనిషి పేరు షేక్ బాజీ. వయసు నలభై ఆరు. చీమకుర్తి క్వారీల నుంచి రేవుకు గ్రానైట్ దిమ్మలు తోలే లారీ డ్రైవరు. ఆ ఉదయం అతని ఎడమ కిడ్నీలోకి రెండు స్కోపులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలి. మొదట పాతది, ఆ తర్వాత కొత్తది. రెండిటిలో ఏది మేలో తేల్చడానికి రెండు వందల మంది మీద జరుగుతున్న పరీక్షలో అతని నంబరు నూట ముప్పై ఏడు.

అది 2047. ఒంగోలులో ఎండలు ఫిబ్రవరిలోనే మొదలై అక్టోబరు దాటినా తగ్గడం లేదు. ఒంట్లో నీరంతా చెమటగా పోతుంటే కిడ్నీల్లో రాళ్లు కట్టడం మామూలైపోయింది. ఊళ్లో పెద్దవాళ్లలో నలుగురికి ఒకరు ఆ నొప్పి ఎరిగినవాళ్లే. బైపాస్ పక్కనున్న ఆ ఆసుపత్రికి అసలు పేరు వేరే ఉన్నా అందరూ రాళ్లాసుపత్రి అనే అనేవారు.

స్కోపు అంటే బాల్‌పెన్ రీఫిల్ లావున ఉండే పొడవాటి మెత్తటి గొట్టం. ఒంటి మీద కోత లేకుండా, మూత్రం వచ్చే దారినే లోపలికి పోయి, మూత్రనాళం ఎక్కి కిడ్నీ చేరుతుంది. పాత ఫైబర్ స్కోపులో వెంట్రుక కన్నా సన్నని గాజుపోగులు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కో పోగు ఒక్కో వెలుగు చుక్కను మోసుకొస్తుంది. అందుకే దాని బొమ్మ తేనెపట్టులోంచి చూసినట్టు ఉంటుంది. పోగు తెగిన చోట నల్లచుక్క పడుతుంది. వాడేకొద్దీ ఆ చుక్కలు పెరుగుతాయి. కొత్త డిజిటల్ స్కోపులో పోగులు లేవు. కొసన ఆవగింజంత కెమెరా ఉంటుంది. బొమ్మ చాలా తేటగా వస్తుంది. కాకపోతే కొస కాస్త లావు, అంత తేలిగ్గా వంగదు. కిడ్నీలో అన్నిటికన్నా కిందున్న గదిలోకి ఫైబర్ స్కోపు దూరినంత సులువుగా అది దూరలేదు.

ఈ కొత్త స్కోపుకు దాని తయారీ సంస్థ ఇంజనీరు సుగాత్రి ఒక ప్రోగ్రామ్ చేర్చింది. దానికి 'పూరణ' అని పేరు పెట్టింది. లేజర్‌తో రాయిని పొడి చేస్తున్నప్పుడు లోపలంతా దుమ్ము, నెత్తురు కమ్ముకుని ఏమీ కనబడదు. నీళ్లు ఎక్కించి కడుగుతూ డాక్టర్లు నిమిషాలకు నిమిషాలు ఆగాలి. ఆ నీటి ఒత్తిడికి చీము రక్తంలో కలిసి చనిపోయినవాళ్లూ ఉన్నారు. పూరణ లక్షల కిడ్నీల బొమ్మలు చూసి నేర్చుకుంది. మసకబారిన చోట ఏముండాలో ఊహించి, క్షణంలో బొమ్మను నింపేస్తుంది. దానివల్ల ఆపరేషన్ సమయం సగానికి తగ్గింది, చావులు తగ్గాయి. ఇది నిజం.

డాక్టర్ కొండలరావు ఫైబర్ స్కోపుతో పాతికేళ్లుగా పనిచేస్తున్నవాడు. బాజీ కిడ్నీ అడుగు గదిలోకి దాన్ని వంచినప్పుడు, నల్లచుక్కల మధ్య ఆయనకు ఎర్రగా, నూగులా ఏదో కనబడింది. కొత్త స్కోపు పెట్టి చూస్తే అక్కడ నున్నటి గులాబీ రంగు గోడ ఉంది. ఆ పాత స్కోపులో ముప్పై ఒక్క పోగులు తెగి ఉన్నాయని, అది రంగు తేడానే అయ్యుంటుందని సుగాత్రి మర్యాదగానే చెప్పింది. మార్కుల కాగితంలో బొమ్మ స్పష్టత ఎంత, పట్టిన సమయం ఎంత, చేతికి వాటం ఎంత అని గళ్లున్నాయి. ఆయన కొత్తదానికి ఐదుకు ఐదు వేశాడు. కాగితం అంచున మాత్రం 'అడుగు గదిలో ఎర్రమచ్చ?' అని రాశాడు. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆ మాటకు గడి లేక వదిలేశారు.

బాజీ రాళ్లు తీసేశారు. ఆసుపత్రి వాళ్లు పంపిన కిడ్నీ బొమ్మను అతను ఫోన్లో దాచుకున్నాడు. పరీక్ష ముగిసింది, డిజిటల్ నెగ్గింది. ఫైబర్ స్కోపులన్నిటినీ తుక్కు కింద పంపేశారు.

ఎనిమిది నెలలకు బాజీకి మూత్రంలో నెత్తురు పడింది. స్కోపు వేశారు. లోపలంతా శుభ్రంగా ఉంది. వేడి చేసి ఉంటుందన్నారు. బొమ్మ అంత తేటగా ఉన్నాక రంగుమందు ఎక్కించి స్కాన్ తీయడం దేనికన్నారు. ఆ మందు దెబ్బతిన్న కిడ్నీలకు మంచిది కాదు కూడా. నెల తర్వాత మళ్లీ వచ్చాడు, మళ్లీ శుభ్రమే. మూడోసారి వచ్చేటప్పటికి బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. భార్య మస్తాన్‌బీ నెత్తురు మూత్రం ఉన్న సీసాను సంచిలోంచి తీసి కొండలరావు బల్ల మీద పెట్టి కూర్చుంది.

ఈసారి స్కోపు వేస్తూ కొండలరావు సుగాత్రిని పక్కనే నిలబడమన్నాడు.

"పూరణ ఆపెయ్యండమ్మా."

"ఆపితే మీకేమీ కనబడదు సార్."

"కనబడకపోతే కనబడలేదని నాకు తెలుస్తుంది గదా. ఆపండి."

ఆమె ఆపింది. గులాబీ రంగు గోడ ఒక్కసారిగా పోయి తెరంతా ఎర్రబురద అయింది. నీళ్లతో కడుగుతూ చాలాసేపు ఆగాక, ఆ ఎరుపులోంచి గోబీపువ్వులాంటి గడ్డ మెల్లగా బయటపడింది. అడుగు గది నిండిపోయి పక్క గదిలోకి పాకి ఉంది. సుగాత్రి వేలు ఇంకా ఆ బటన్ మీదే ఉంది. నెత్తురు కమ్మిన ప్రతిసారీ యంత్రం తాను నేర్చుకున్న ఆరోగ్యమైన కిడ్నీలను బట్టి బాజీకి లేని గోడను గీసిపెట్టింది.

కిడ్నీ తీసేశారు. అది క్యాన్సర్, అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. సుగాత్రి పాత కాగితాలన్నీ తిరగేసి, అంచున ఉన్న ఆ ఒక్క మాటను పట్టుకుంది. దాన్ని తీసుకుని నేరుగా వార్డుకు వెళ్లింది. జరిగింది ఏదీ దాచకుండా బాజీకి, మస్తాన్‌బీకి చెప్పింది. బాజీ అంతా విన్నాడు. ముందే కనబడి ఉంటే బతికేవాడినా అని ఒక్కటే అడిగాడు. బతికేవాడివని ఆమె చెప్పింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో నెలలో పోయాడు.

సుగాత్రి పూరణను మార్చి రాసింది. ఇప్పుడు యంత్రం ఊహించిన చోటల్లా తెర మీద బూడిద రంగు పడుతుంది. చూసింది ఏదో చూడనిది ఏదో ఎవరికైనా తెలిసిపోతుంది. తయారీ సంస్థ దీన్ని అన్ని ఆసుపత్రులకూ పంపింది. నెల తిరక్కుండానే ఫిర్యాదులు వచ్చాయి. బొమ్మ పాడైందన్నారు డాక్టర్లు. తమ కిడ్నీ బొమ్మలో మచ్చలెందుకు ఉన్నాయని రోగులు గొడవపెట్టుకున్నారు. పోటీ సంస్థల స్కోపులు తేటగా ఉన్నాయంటూ కొందరు కొనుగోళ్లు ఆపారు. సంస్థ ఆ బూడిద రంగును తీసేసి, కావాలనుకున్నవాళ్లే పెట్టుకోవచ్చంది. పెట్టుకున్నది ఒక్క రాళ్లాసుపత్రే. అక్కడ ఓపీ వరసలు సగానికి సగం పలచబడ్డాయి.

మరుసటి ఏడు మే నెలలో మస్తాన్‌బీ వచ్చింది. కుడివైపు నొప్పి, రాయి. సుగాత్రి తనే దగ్గరుండి చూపిస్తానంది. మస్తాన్‌బీ ఆ బూడిద రంగు లేకుండా చూడమని అడిగింది.

బూడిద రంగు పడితే భయపడేది ఏమీ లేదని, అక్కడ ఇంకోసారి చూడాలని మాత్రమే దాని అర్థమని సుగాత్రి చెప్పింది. అది లేకపోవడం వల్లే బాజీకి అలా జరిగిందని గుర్తు చేసింది.

"తెలుసు మేడమ్, మీరే చెప్పారు గదా," అంది మస్తాన్‌బీ. "ఆ ఎనిమిది నెలలూ ఆయన ఆ బొమ్మని ఫోన్లో అందరికీ చూపించాడు. అద్దంలా ఉందన్నారని చెప్పుకున్నాడు. లారీకి పోయాడు, కడుపునిండా తిన్నాడు, నిద్రపోయాడు. ఉన్నది ఉన్నట్టు చూశాక నాలుగు నెలలు కన్ను మూయలేదు. రాత్రంతా నా చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. నాకు ఆ నిద్ర చాలు మేడమ్. రెండోది నేను పడలేను."

మస్తాన్‌బీ చీటీ తీసుకుని, ఎండకు కొంగు కప్పుకుని, పూరణ ఉన్నా బూడిద రంగు పెట్టుకోని రోడ్డవతలి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

మర్నాడు సుగాత్రి ఫోన్‌కు ఒక బొమ్మ వచ్చింది. గులాబీ రంగులో నున్నగా ఉన్న కిడ్నీ లోపలి గోడ, ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. కింద 'అంతా శుభ్రంగా ఉందన్నారు మేడమ్' అని రాసి ఉంది. సుగాత్రి దాన్ని పెద్దది చేసి, ఒక్కో మూలా చూసింది. అందులో మస్తాన్‌బీ కిడ్నీ ఎంతో, యంత్రం గీసింది ఎంతో, ఆ యంత్రానికి గీయడం నేర్పిన ఆమెకే తెలియలేదు.