నూట అరవై గిద్దెల కిరసనాయిలు

యానాం దాటి సముద్రం వైపు పడవలో పోతే మడ అడవి అంచున ఒక దిబ్బ కనిపిస్తుంది. దాని మీద కప్పులేని నాలుగు గోడలు. అది పాత ఉప్పుకొటారు, ఉప్పు నిలవచేసే కొట్టు. చేపలు పట్టేవాళ్ళు పట్టపగలు కూడా అక్కడ పడవ కట్టరు. వల చిక్కుపడినా సరే, తెడ్డు గట్టిగా వేసి దాటిపోతారు.

ఉప్పెన వచ్చిన రాత్రి ఆ కొటారు కాపలావాడు లాంతరు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడట. నీళ్ళు ఉప్పునీ, తలుపునీ, వాణ్ణీ తీసుకుపోయాయి. లాంతరు మాత్రం ఇంకా తిరుగుతోందని అంటారు. అందులో నూనె అయిపోయిన రాత్రి... వాడు మనుషుల దగ్గరికి వచ్చి అడుగుతాడు.

ఆ దిబ్బ ఎదురుగా పద్నాలుగు రాత్రులు పడుకున్న మనిషిని నేనెరుగుదును. జ్ఞానప్రకాశం గారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. లెక్కలు మాత్రం నేనూ వేసి చూసుకున్నాను. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళే గనక కథలో ఒట్టి జ్ఞానప్రకాశం అంటాను.

మిషను బడిలో చదివి, లెక్కల్లో ఎవరికీ తీసిపోని జ్ఞానప్రకాశానికి సర్వే క్యాంపులో గుమాస్తా పని దొరికింది. ఇంకా ఖాయం కాలేదు. ఈ ఒక్క క్యాంపు సవ్యంగా నడిపిస్తే ఖాయం.

ఆ దిబ్బ ఎదుటి క్యాంపుకి దారంటూ లేదు. కాలవ మీద ఆఖరి లాకు దాకా పడవ, అక్కణ్ణుంచి చవిటి నేల మీద ఎడ్లబండి. సముద్రపు పోటు తక్కువుండే అష్టమి నాడు దాటితే, మళ్ళీ అష్టమి దాకా నీళ్ళు వెనక్కి రానివ్వవు. పద్నాలుగు రాత్రులు. ఏం తీసుకెళితే అదే. ఏది తక్కువైతే అది లేనట్టే.

జ్ఞానప్రకాశం రెండు రోజులు కూర్చుని లెక్క కట్టాడు. ఎడ్లకి రోజుకి రెండు మోపుల గడ్డి, ఇరవై ఎనిమిది. వంటకి రోజుకో మోపు సరుగుడు కట్టెలు, పద్నాలుగు. మడ కర్ర అక్కడే బోలెడుంది గానీ పచ్చిది, పొగే తప్ప మంట రాదు. ఇక దీపాలు. రాత్రిపూట పటం గీసే పెద్ద దీపానికి నాలుగు గిద్దెల కిరసనాయిలు, మూడు లాంతర్లకి రెండేసి. రాత్రికి పది. మొత్తం నూట నలభై. డబ్బాలో తన చేత్తో గిద్దెతో కొలిచి పోశాడు — నూట అరవై.

"ఇంకో డబ్బా కూడా ఎక్కించవయ్యా," అన్నారు క్యాంపు పెద్ద జగన్నాథరావు గారు.

"బండికి బరువండి. ఇరవై గిద్దెలు ఎక్కువే ఉందండి."

"సరే, నీ ఇష్టం. పటం పూర్తికాకుండా దీపం కొండెక్కిందో, నీ ఉద్యోగం కూడా దాని వెనకే."

మొదటి సాయంత్రం పొయ్యి చుట్టూ చేరి కూర్చున్నారు. వంట చేసే గోపాలకృష్ణమూర్తి, బండి తోలే లాజరు, కొలత గొలుసు పట్టే భీమరాజు, జ్ఞానప్రకాశం. కాస్త ఎడంగా, కుర్చీలో జగన్నాథరావు గారు.

కాపలావాడి కథ చెప్పింది లాజరే. చివర్లో గొంతు తగ్గించాడు.

"వాడు రాకుండా ఉండాలంటే ఒకటే దారండి. మనమే ఒక బుడ్డిలో నూనె పోసి, వెలిగించి, ఆ గోడల మధ్య పెట్టి వచ్చేయాలి. వెనక్కి చూడకూడదు. పెట్టినట్టు... ఎవరితోనూ చెప్పకూడదు. చెప్తే పని చెయ్యదు."

"ఆదివారం చర్చి గుడిలో ముందు వరసలో కూర్చుంటావు గదరా," అన్నాడు గోపాలకృష్ణమూర్తి.

"అది ఆదివారమండి. ఇవాళ గురువారం."

జగన్నాథరావు గారు పెద్దగా నవ్వారు. "దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పడుకోండి."

జ్ఞానప్రకాశం రోజూ పొద్దున్నే డబ్బాలో రెల్లుపుల్ల ముంచి చూసేవాడు. పుల్ల మీద గిద్దెకో గాటు. మొదటి పొద్దున సరిగ్గా పది తగ్గింది. రెండో పొద్దున...

పద్నాలుగు తగ్గింది.

తను తప్పు చూశాడేమోనని మళ్ళీ ముంచాడు. అంతే. డబ్బా కింద పొడి ఇసక పోశాడు, కారుతుందేమోనని. మూడో పొద్దున ఇసక పొడిగానే ఉంది. నూనె మళ్ళీ పద్నాలుగు తగ్గింది. నాలుగో పొద్దునా పద్నాలుగే. ఐదో పొద్దునా పద్నాలుగే.

దొంగతనమనుకుందామా అంటే, చుట్టూ నాలుగు కోసుల్లో కొనే నాథుడు లేడు. అందర్నీ అడిగాడు. ముగ్గురూ నేల చూపులు చూశారు.

"ఇంకెవరు బాబూ," అన్నాడు లాజరు. "వాడే."

మిగిలింది తొంభై నాలుగు. ఇంకా తొమ్మిది రాత్రులు. రాత్రికి పద్నాలుగు చొప్పున ఆరు రాత్రులు నిండా వెలిగి, ఏడో రాత్రి మధ్యలో ఆరిపోతుంది. పటం సగంలో ఉంది.

ఆ మధ్యాహ్నం జగన్నాథరావు గారు పిలిచారు. ఎప్పుడూ లేనంత విసుగ్గా ఉన్నారు.

"ఏంటయ్యా, నూనె తరుగుతోందట?"

"ఎక్కడ పోతోందో కనుక్కుంటానండి."

"రేపు పొద్దున్న నేనే వచ్చి డబ్బా చూస్తాను. జవాబు ఉంటే సరే. లేదంటే వెనక్కి వెళ్ళగానే వేరే పని చూసుకో."

ఆ రాత్రి జ్ఞానప్రకాశం నిద్రపోలేదు. డేరా సందులోంచి చూస్తూ పడుకున్నాడు. కీచురాళ్ళు. దూరంగా పోటు నీళ్ళ చప్పుడు. అంతా సద్దుమణిగింది అనుకున్నాక, దిబ్బ మీద గోడల లోపల...

వెలుగు.

అటూ ఇటూ కదలడం లేదు. ఎవరో కూర్చుని ఎదురుచూస్తున్నట్టుంది.

పడుకుంటే ఉద్యోగం పోతుంది. వెళితే ఏం పోతుందో తెలీదు. కంబళి తల మీంచి కప్పుకుని, లాంతరు పట్టుకుని బయలుదేరాడు. బురద ఒక్కో అడుగూ పట్టుకుని వదిలింది. ప్రార్థన మొదలుపెడితే మొదటి మాట దాటి ముందుకు వెళ్ళలేదు.

గోడల దగ్గర ఆగాడు. తొంగిచూశాడు.

దీపాలు. మూడు వెలుగుతున్నాయి. తలా ఒక మూల, ఒకదాని సంగతి ఒకదానికి తెలియనట్టు. లాంతరు కింద పెట్టి దగ్గరగా చూశాడు. ఒకటి గోపాలకృష్ణమూర్తి కడుపునొప్పి మందు సీసా. ఒకటి లాజరు బండి ఇరుసుకి ఆముదం పోసే సీసా. ఒకటి భీమరాజు యానాంలో ఖాళీ చేసి దాచుకున్న సీసా. మూతికి బట్ట వత్తి పెట్టి, ఎవరికి వారు, ఎవరికీ చెప్పకుండా...

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోజుకి పోయేది నాలుగు. ఇవి మూడే. మరి నాలుగోది?

తలుపు ఉండాల్సిన చోట, రాయి మీద, ఆరిపోయిన బుడ్డి ఒకటుంది. ఎర్ర సిరా బుడ్డి. క్యాంపు మొత్తంలో ఎర్ర సిరా వాడేది ఒక్కరే.

వెనక బురదలో అడుగుల చప్పుడు.

జ్ఞానప్రకాశం గిర్రున తిరిగాడు. లాంతరు వీపు వెనక ఉండిపోయింది. ముఖం చీకట్లో, తల మీద కంబళి.

అడుగులు ఆగిపోయాయి. తర్వాత వణికే గొంతు, చాలా చిన్నగా —

"నాయనా... నూనె తెచ్చాను... మా డేరా వైపు మాత్రం రాకు..."

జగన్నాథరావు గారు. చేతిలో గాజుగ్లాసు. అందులో సరిగ్గా గిద్దె నూనె.

 ఆ క్షణంలో కూడా జ్ఞానప్రకాశం బుర్రలో లెక్క తిరిగింది. ఈ రాత్రి గడిస్తే మిగిలేది ఎనభై. ఉన్నవి ఎనిమిది రాత్రులు. ఇక ఒక్క బుడ్డికి కూడా చోటు లేదు.

"నూనె... వద్దు," అన్నాడు. భయానికి గొంతు దానంతటదే బొంగురుపోయింది. "ఎవరిదీ... వద్దు. అందరికీ... చెప్పు."

గ్లాసు రాయి మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఆ వయసులో ఎవరూ పరిగెత్తలేనంత పరుగు.

జ్ఞానప్రకాశం గ్లాసు తీసుకెళ్ళి డబ్బాలో వంపేశాడు. ఎనభై ఒకటి.

పొద్దున్నే జగన్నాథరావు గారు డబ్బా చూడ్డానికి రాలేదు. అందర్నీ పిలిచి, మీసం సవరించుకుంటూ అన్నారు — "నాకేం నమ్మకాలు లేవు గానీ... రాత్రి కలలో ఎవరో చెప్పినట్టయింది. దిబ్బ మీద దీపాలు పెట్టద్దట."

"దీపాలా? ఎవరు పెడుతున్నారండి?" ముగ్గురూ ఒకేసారి అడిగారు.

ఆ రోజు నుంచి నూనె రాత్రికి పది చొప్పునే తగ్గింది. పటం పూర్తయింది. అష్టమి నాటి పొద్దున డబ్బాలో మిగిలింది ఒక గిద్దె.

వెళ్ళేటప్పుడు బండిలో జగన్నాథరావు గారు జ్ఞానప్రకాశాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీ ఉద్యోగం ఖాయం చేస్తున్నానయ్యా."

"చాలా సంతోషమండి."

"నీతో చెప్పచ్చులే. ఆ కల రెండుసార్లు వచ్చింది నాకు." గొంతు తగ్గించారు. "మొదటిసారి ఆ ఆకారం నూనె వద్దంది. నాకు నమ్మకం చిక్కలేదు. మర్నాడు రాత్రి మళ్ళీ వెళ్ళాను... అంటే, కలలో. అక్కడే ఉంది, తలుపు దగ్గర. లాంతరు పట్టుకుని. 'మా గుమాస్తా లెక్క నిజమేనా, నూనె సరిపోతుందా' అని అడిగాను."

"...ఏమందండి?"

"'అబ్బాయి లెక్క సరైనదే. ఒక గిద్దె మిగులుతుంది' అంది. మిగిలిందిగా! అందుకే ఖాయం చేశాను."

జ్ఞానప్రకాశం ఆయన ముఖంలోకి చూశాడు. వేళాకోళం జాడే లేదు.

డబ్బాలో ఎనభై ఒకటి ఉన్నాయన్న సంగతి జ్ఞానప్రకాశం క్యాంపులో ఎవరికీ చెప్పలేదు. జగన్నాథరావు గారు మళ్ళీ వెళ్ళానన్న ఆ రెండో రాత్రి, తను తెల్లారేదాకా డేరా దాటి అడుగు బయట పెట్టలేదు.