ఒక పిసరు వదులు

పొద్దున్నే గ్లాసు మీద చెంచా టింగుమంది. జగన్నాధానికి టీ కావాలన్నమాట. ఒకప్పుడు చీపురుపల్లి బెల్లం వేలంలో ఆయన పాట పాడితే వీధి చివరికి వినబడేది. ఊపిరితిత్తులు మార్చిన ఆపరేషనయి ఇంటికొచ్చాక, గదిలోంచి వంటింటికి కూడా ఆ గొంతు రావడం లేదు. చెంచా మోగినప్పుడల్లా భార్య కూర్మమ్మ గుండె కలుక్కుమంటుంది.

మాస్కు పెట్టుకుని టీ పట్టుకెళ్ళింది. కూతురు అనూరాధ తండ్రిని ఊపిరి వ్యాయామానికి సిద్ధం చేస్తోంది. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, నోట్లో చిన్న ప్లాస్టిక్ గొట్టంతో గాలి లోపలికి లాగాలి. గొట్టానికున్న గీతల మర బిగించినకొద్దీ లాగడం కష్టం. ఆ కష్టంతోనే ఊపిరి పీల్చే కండరాలకి బలమొస్తుందిట.

మర వంక చూసి అనూరాధ మొహం ఎర్రబడింది.

"నాను పెట్టిన గీత ఇది కాదు నాన్నా! ఇన్నాళ్ళయినా బలం రాలేదేటని డాక్టరుగారు నిన్ననే అడిగినారు. ఎవులు తిప్పీసినారు?"

"నానే," అన్నాడు జగన్నాధం తడుముకోకుండా. "ఆయాసమొస్తంటే వదులు సేసినాను."

"సిన్నపిల్లాడివేటి? ఇలాగైతే మళ్ళీ బెల్లం కొట్టుకెలాగెల్తావు?"

ఎవరి మాటా పడని మనిషి, తలొంచుకుని పడ్డాడు. కూర్మమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఆయన్ననకే. నానే తిప్పినాను. గొట్టం కడిగినప్పుడల్లా ఓ పిసరు వదులు సేసీసినాను. మెడ నరాలు అలాగుబ్బిపోతంటే సూడలేకపోనానే!"

"నాకు మొదటిరోజే తెలిసిందిలే," అన్నాడు జగన్నాధం మెల్లిగా. "గాలి సులువుగా వచ్చీసింది. ఆపరేసనయ్యాక ఆ పూటే నువ్వు కడుపునిండా బువ్వ తిన్నావు. మరెందుకు సెప్పడమని ఊరుకున్నాను."

కూర్మమ్మ ఘొల్లుమంది. జాలనుకుని ఆయన ఊపిరికే అడ్డం పడింది తను. ఆయనేమో తన నాలుగు ముద్దల కోసం నోరు మూసుకున్నాడు.

"బాగుంది మీ సంబడం!" అంది అనూరాధ. ఆ పిల్ల కళ్ళూ తడిగానే ఉన్నాయి.

కూర్మమ్మ చేతులు కడుక్కొచ్చి, మరని తనే గీత దాకా బిగించింది.

"లాగు బావా. నానిక్కడే ఉంటాను."

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు.

వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న ఆమె వంటింట్లో పోపు వేస్తుంటే, గదిలోంచి కేక వచ్చింది.

"ఒసే కూర్మీ! టీ ఏదే?"

"ఇనబడిందిలే, ఊరంతా లేపక్కర్లేదు!" అని కసిరింది, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. టీ ఇచ్చి వస్తూ, ఆయన మంచం పక్కనున్న చెంచా తెచ్చి గూట్లో పడేసింది.