రెండు సీట్ల కారుకు ఏ ఆయిలు?

కారు షాకబ్జార్బర్లలో కొబ్బరినూనె పోసిన మనిషిని రాజ్యలక్ష్మి మొట్టమొదట 1979 డిసెంబరులో చూసింది. చూడ్డానికి బాగానే ఉన్నాడు. అదే ఇబ్బంది.

అమలాపురంలో ఆమె తండ్రి సూరయ్యకు మోటారు సామాన్ల కొట్టు ఉంది. బి.ఎస్సీ. పాసై, సంబంధం కుదిరేదాకా ఏం చెయ్యాలో తెలియని రాజ్యలక్ష్మి, ఆయన భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు బల్ల దగ్గర కూర్చునేది.

"పొద్దుటపూట ఎడ్లబండిలా కుదిపేస్తోందండి. ఎండెక్కితే మామూలే," అన్నాడతను. పేరు విశ్వనాథం, ఊరు ఐనవిల్లి. బయట అతని తాతగారి నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, ఎర్రగా, టాపు లేకుండా.

"చలికి కొబ్బరినూనె పేరుకోదాండీ? ఎవరు పొయ్యమన్నారు?"

"నాన్నగారండి. ఇంటినిండా ఉండగా కొనడం దేనికన్నారు."

"జడ కూడా వేసేరా దానికి?"

అతను నవ్వేడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

కొట్టులో షాకబ్జార్బర్ల ఆయిలు రెండు రకాలు. పల్చనిది పోస్తే కారు గెంతుతుంది; చిక్కనిది పోస్తే ప్రతి గొయ్యీ వెన్నుపూసకి తెలుస్తుంది. రెండూ కలిపి సరిచూసుకోవాలి.

"ఏ పాళ్లలోనండి?"

"మీరే తేల్చుకోవాలి."

"అదే నాకు రాదండి. మీరే చెప్పండి."

అప్పట్నుంచి అతను కొట్టు ముందున్న తూము ఎత్తు మీదుగా కారు నడిపేవాడు. ఆమె మెట్టు మీద నిలబడి చూసేది.

"రెండుసార్లు ఊగింది. ఇంకాస్త చిక్కనిది కలపండి."

"ఆయ్."

పాళ్లు ఎప్పుడో కుదిరాయి. అతను రావడం మానలేదు. ఒక చేత్తో స్టీరింగూ, ఒక చేత్తో గొడుగూ పట్టుకుని వానలో కూడా వచ్చేవాడు.

"అంత ఆయిలు కారు తాగుతోందా, అతను తాగుతున్నాడా?" అనేవాడు సూరయ్య. రాజ్యలక్ష్మి డబ్బాలు తుడిచేది. అవి అప్పటికే మెరుస్తుండేవి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం తడిసి ముద్దై వచ్చి అడిగాడు: "ఇద్దరు కూర్చుంటే పాళ్లు మారతాయాండి?"

ఆమె డబ్బాల వంక తిరిగింది, మొహం కనబడకుండా. "రెండో మనిషి బరువుని బట్టండి."

"మీ అంతే ఉంటుందండి."

"ఎవరూ?"

"రాయవరం అమ్మాయండి. కామాక్షి. నాన్నగారు మాటిచ్చేసేరు." గొడుగు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. "నాకు మాత్రం మీరంటేనే ఇష్టమండి. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

డిసెంబరు నుంచి ఎదురుచూసిన మాట వచ్చింది. ఇంకో అమ్మాయి పేరు వెనకాల, తడి చెప్పులతో వచ్చింది.

"మీ నాన్నగారితో ఈ మాట అన్నారా?"

"లేదండి. మీరు అనమంటే అంటాను."

"నేను వద్దంటే?"

"మానేస్తానండి."

ఇన్నాళ్లూ అతను ప్రతిదీ తననే అడగడం గౌరవమనుకుంది. ఇంట్లో నాన్నగారి మాట, కొట్లో తన మాట. ఎవరు దగ్గరుంటే వాళ్లది.

"ఇద్దరి బరువుకైతే మూడు వంతులు చిక్కనిది, ఒక వంతు పల్చనిది. ఆవిడకి కుదుపు తెలీదు," అని కొలిచి పోసింది. చుక్క కింద పడలేదు.

"థాంక్సండీ," అన్నాడు, ఇంకా ఏదో చెబుతుందేమోనని కాసేపు నిలబడి. తర్వాత గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

సూరయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "కారబ్బాయి ఏమన్నాడమ్మా?"

"ఏమనాలో నన్నే అడిగేడు నాన్నా."